ఫ్యాక్టరీకి మంచి మెయింటెనెన్స్ మెకానిక్‌ను ఎలా ఎంచుకోవాలి, వచ్చినవాడిని ఎలా నిలుపుకోవాలి?

జీడిమెట్ల మౌల్డింగ్ | సోమవారం ఉదయం

అందరికీ నమస్కారం. జీడిమెట్ల పారిశ్రామికవాడలో మాకు ప్లాస్టిక్ ఇంజెక్షన్ మౌల్డింగ్ యూనిట్ ఉంది. అచ్చును 80 టన్నుల నుంచి 250 టన్నుల వరకు బలంతో మూసి పట్టే పదకొండు మెషీన్లు, రెండు కంప్రెసర్లు, నీళ్లను చల్లబరిచే చిల్లర్ ఒకటి, ఒక కూలింగ్ టవర్ ఉన్నాయి. సిబ్బంది 62 మంది, మూడు షిఫ్టులు నడుస్తాయి. పంతొమ్మిదేళ్లపాటు ఈ యంత్రాలన్నిటినీ ఒంటిచేత్తో చూసుకున్న పెద్దాయన మోకాళ్ల నొప్పుల వల్ల పోయిన దసరాకు మానేశారు. ఆయన ఉన్నన్నాళ్లూ మాకు మెయింటెనెన్స్ అనే విభాగం ఒకటి ఉండాలన్న ఆలోచనే రాలేదు.

ఆ తర్వాత ఇద్దరిని తీసుకున్నాం. మొదటి అతను డిప్లొమా చదివాడు, పన్నెండేళ్ల అనుభవం ఉందన్నాడు, ఇంటర్వ్యూలో నూనె ఒత్తిడిని సర్దే ప్రపోర్షనల్ వాల్వు దగ్గర నుంచి అచ్చును మూసే టాగుల్ దాకా ఏది అడిగినా తడుముకోకుండా చెప్పాడు. చేరిన మూడో రోజు కూలింగ్ టవర్ పంపు మోటారుకు బేరింగు మార్చమంటే, బేరింగు బయటి రింగు మీద సుత్తితో కొట్టి షాఫ్టుకు ఎక్కించాడు. తొమ్మిది రోజుల్లో బేరింగు పట్టేసింది, మోటారు వైండింగు కాలిపోయింది. రెండో అతను ఐటీఐ ఫిట్టరు. ఎక్కువ మాట్లాడడు కానీ పని తెలిసినవాడు. మూడు నెలలు తిరగకుండానే పటాన్‌చెరు వైపు రెండు వేలు ఎక్కువ ఇస్తున్నారని చెప్పి వెళ్లిపోయాడు.

మళ్లీ ప్రకటన ఇస్తే నలభైకి పైగా దరఖాస్తులు వచ్చాయి. వాటిలో సగం బైకు మెకానిక్కులవి, ఏసీ మెకానిక్కులవి. పని వచ్చినవాడిని ఇంటర్వ్యూలోనే పోల్చుకోవడం ఎలా? ఐటీఐ చూడాలా, డిప్లొమా చూడాలా, అనుభవం చూడాలా? జీతం ఎంత ఇస్తే నిలబడతారు? తెలిసినవారు చెప్పగలరు.

విజయవాడ హెచ్‌ఆర్ | సోమవారం ఉదయం

ముందుగా ఆ ప్రకటనలో ఏమి రాశారో చూసుకోండి. "మెకానిక్ కావలెను, అనుభవం తప్పనిసరి, ఆకర్షణీయమైన జీతం" అని రాస్తే బైకు మెకానిక్కులు రావడంలో వారి తప్పేమీ లేదు. హైడ్రాలిక్ ఇంజెక్షన్ మౌల్డింగ్ మెషీన్లు, స్క్రూ కంప్రెసర్, చిల్లర్ అని యంత్రాల పేర్లు రాయండి. షిఫ్టు వేళలు, వారాంతపు సెలవు, రాత్రి పిలిస్తే ఇచ్చే అలవెన్సు, జీతం ఎంత నుంచి ఎంత వరకు అన్నది కూడా ప్రకటనలోనే పెట్టండి. జీతం దాచిపెట్టిన ప్రకటనకు ఉద్యోగం లేనివాడు వస్తాడు తప్ప, ఉద్యోగంలో ఉన్న మంచి పనివాడు ఒక రోజు జీతం పోగొట్టుకుని రాడు.

ఇంకొక సంగతి చాలామంది చిన్న యజమానులు గమనించరు. నెల వేతనం 21,000 రూపాయలు దాటితే ఆ ఉద్యోగి ఈఎస్‌ఐ పరిధిలోకి రాడు. అనుభవం ఉన్న మెకానిక్‌కు ఇచ్చే జీతం సాధారణంగా ఆ గీత దాటుతుంది. అంటే ఫ్యాక్టరీలో అందరికంటే ప్రమాదానికి దగ్గరగా పనిచేసే మనిషికే ఆసుపత్రి సౌకర్యం లేకుండా పోతుంది. అతనికి ఆరోగ్య బీమా, ప్రమాద బీమా విడిగా తీసుకోండి. జీతంలో వెయ్యి పెంచినా ఇంట్లో గుర్తుండదేమో కానీ, ఈ బీమా కాగితం ఇంట్లో చూపించుకుంటాడు.

పాత పానా | సోమవారం రాత్రి

నలభై ఏళ్లు మెయింటెనెన్స్‌లో పనిచేసి, ఫోర్‌మన్‌గా రిటైరయ్యాను. మీ మొదటి అతని కథ చదివితే నాకు ఆశ్చర్యం కలగలేదు. నోటితో చెప్పే జవాబు వేరు, చేతికి తెలిసిన పని వేరు. అందుకే నేను మనుషులను తీసుకున్న కాలంలో కుర్చీ వేసి ప్రశ్నలు అడగడం పది నిమిషాలకు మించనిచ్చేవాడిని కాదు. మిగిలిన రెండు గంటలూ బల్ల దగ్గరే.

మొదటి బల్ల మీద ఒక మోటారు షాఫ్టు, ఒక కొత్త 6206 బేరింగు, బేరింగును లాగి తీసే పుల్లరు, వేర్వేరు కొలతల పైపు ముక్కలు, సుత్తి, మైక్రోమీటరు పెట్టండి. ఏమీ చెప్పకుండా బేరింగు ఎక్కించమనండి. పనివాడైతే ముందుగా షాఫ్టును గుడ్డతో తుడిచి, గీతలు ఉన్నాయేమో వేలితో తడిమి, మైక్రోమీటరుతో కొలుస్తాడు. 6206 అంటే లోపలి వ్యాసం 30 మిల్లీమీటర్లని అతనికి పెట్టె చూడకుండానే తెలుసు, ఎందుకంటే చివరి రెండు అంకెలను ఐదుతో గుణించడం ఫిట్టర్లకు ఎక్కాల లాంటిది. తర్వాత లోపలి రింగు మీద మాత్రమే ఆనే పైపు ముక్కను ఏరుకుంటాడు. షాఫ్టు మీద బిగుతుగా కూర్చునేది లోపలి రింగు కాబట్టి దెబ్బ దాని మీదే పడాలి. బయటి రింగు మీద కొడితే ఆ దెబ్బంతా గుండ్ల మీదుగా పోయి, గుండ్లు దొర్లే దారిలో కంటికి కనిపించని గుంటలు పడతాయి. మీ మోటారు కాలిపోయింది తొమ్మిది రోజుల తర్వాతే అయినా, అసలు చెడిపోయింది బేరింగు ఎక్కించిన రోజునే. వేడిచేసి ఎక్కిస్తానని అడిగినవాడికి ఇంకో మార్కు ఎక్కువ వేయండి. ఎంత వేడి అని అడగండి. 120 డిగ్రీలు దాటకూడదని చెప్పాలి. గ్యాస్ మంట పెడతానన్నవాడికి టీ ఇప్పించి పంపించండి.

రెండో బల్ల మీద చిన్న స్టార్టరు ప్యానెల్ పెట్టి, బటన్ వదిలినా మోటారును నడుస్తూనే ఉంచే హోల్డింగు కాంటాక్టుకు వెళ్లే వైరు ఒకటి ఊడదీయండి. పచ్చ బటన్ నొక్కి ఉంచినంతసేపు నడుస్తుంది, వేలు తీయగానే ఆగిపోతుంది. కొందరు కరెంటు కలిపే కాంటాక్టరు పోయిందంటారు, కొందరు బటన్ మార్చాలంటారు. డ్రాయింగు అడిగినవాడి వైపు ఒక కన్నేసి ఉంచండి. అతను వైరు కనుక్కున్నాడా లేదా అన్నదానికంటే, ప్యానెల్‌లో చేయి పెట్టే ముందు ఏమి చేశాడన్నది చూడండి. మెయిన్ స్విచ్ దింపాడా? ఆ స్విచ్‌ను ఎవరూ ఎత్తకుండా తాళం గానీ హెచ్చరిక బోర్డు గానీ అడిగాడా? కరెంటు లేదని నమ్మేముందు, తన మీటరును కరెంటు ఉన్నచోట ఒకసారి పెట్టి, అది పనిచేస్తోందని చూసుకున్నాడా? చచ్చిన మీటరు కూడా సున్నాయే చూపిస్తుంది. ఈ ఒక్క అలవాటు ఉన్నవాడిని, మిగతావి సగమే వచ్చినా, నేను ఎన్నడూ వదులుకోలేదు.

మూడోది బల్ల కాదు. నడుస్తున్న మెషీను దగ్గర పది నిమిషాలు నిలబెట్టి, "ఏమైనా కనిపించిందా, వినిపించిందా" అని మాత్రం అడగండి. అంతకంటే ఏమీ చెప్పకండి. ఈ పరీక్షకు చదివి వచ్చినవాడు లేడు.

విజయవాడ హెచ్‌ఆర్ | మంగళవారం ఉదయం

ఫోర్‌మన్ గారూ, మీ పద్ధతి మీద గౌరవంతోనే ఒక అభ్యంతరం చెబుతున్నాను. పరీక్షకు వచ్చినవాడు ఇంకా మీ ఉద్యోగి కాడు. అతని చేతికి గాయమైతే ఈఎస్‌ఐ లేదు, బీమా లేదు, బాధ్యత మాత్రం పూర్తిగా యజమానిది. నడుస్తున్న యంత్రం దగ్గర నూనె పెట్టడం, పరీక్షించడం వంటి పనులను ప్రత్యేక శిక్షణ పొంది, బిగుతు దుస్తులు వేసుకుని, రిజిస్టరులో పేరు నమోదైన వయోజనుడే చేయాలని 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 22వ సెక్షనులోనే ఉండేది. బయటివాడిని అక్కడ నిలబెట్టడం ఎంతవరకు సబబు?

పాత పానా | మంగళవారం మధ్యాహ్నం

మీ అభ్యంతరం న్యాయమైనదే. ప్యానెల్‌ను 415 వోల్టుల మీద కాకుండా 24 వోల్టుల మీద కట్టి, మోటారు బదులు ఒక దీపం పెడితే సరిపోతుంది. లాజిక్ అదే కాబట్టి పరీక్షలో తేడా రాదు. నడిచే మెషీను దగ్గర పసుపు గీత దాటనివ్వకండి, చేతులు వెనక్కి కట్టుకుని చూడమనండి. నాకు కావలసింది అతని చెవులు, కళ్లు మాత్రమే.

ఐటీఐ బోధకుడు | మంగళవారం రాత్రి

మొదట రాసినవారి మూడు ప్రశ్నల్లో ఒకదానికి నేను జవాబు చెప్పగలను. "ఐటీఐ" అని ఒకే మాటగా చూడకండి, అందులో ట్రేడ్లు వేరువేరు. ఫిట్టరు రెండేళ్లు, ఎలక్ట్రీషియన్ రెండేళ్లు, వెల్డరు ఒక్క ఏడాది. వీటితో పాటు మెకానిక్ మెషీన్ టూల్ మెయింటెనెన్స్ అనే ట్రేడు ఒకటి ఉంది, మీకు కావలసిన పనికి పేరులోనే దగ్గరగా ఉంటుంది. కానీ దాని సంగతి తెలియక ప్రకటనల్లో ఎవరూ ఆ పేరు రాయరు, పిల్లలూ దానిలో చేరడానికి వెనకాడతారు. డిప్లొమా చదివిన కుర్రవాడు సూపర్‌వైజరు కావాలన్న ఆశతో వస్తాడు. అది తప్పు కాదు, కానీ రెండో ఏడాదికి అతను పానా దించి పెన్ను పట్టుకుంటే మీకు మళ్లీ మెకానిక్ ఉండడు.

ఇక మీ సిబ్బంది 62 మంది అన్నారు. అప్రెంటిస్‌షిప్ నియమాలకు 2019లో వచ్చిన సవరణ ప్రకారం 30 మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థ తన సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను తీసుకోవడం తప్పనిసరి. అంటే మీరు ఇద్దరు ముగ్గురిని ఎలాగూ తీసుకోవాలి. జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద స్టైపెండులో నాలుగో వంతును, నెలకు 1,500 రూపాయలకు మించకుండా, కేంద్రం భరిస్తుంది. చాలా కంపెనీలు ఈ పిల్లలను తీసుకుని ప్రొడక్షన్ లైనులో నిలబెట్టి, వస్తువుకు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ కాడలు (రన్నర్లు) కత్తిరించడానికో డబ్బాలు సర్దడానికో వాడుకుంటాయి. ఏడాది తర్వాత సర్టిఫికెట్ పట్టుకుని బయటికి వచ్చినవాడికి గ్రీజు గన్ను పట్టడం కూడా రాదు. ఆ నింద మళ్లీ మా మీదికే వస్తుంది. ఒక్క కుర్రవాడిని మెకానిక్ పక్కన రెండో మనిషిగా పెట్టి చూడండి.

ఒకప్పుడు ఈ నగరంలో సనత్‌నగర్ ఆల్విన్, బాలానగర్ ఐడీపీఎల్, ప్రాగా టూల్స్, హెచ్‌ఎంటీ వంటి సంస్థల్లో పని నేర్చుకున్నవారే చిన్న ఫ్యాక్టరీలకు మెకానిక్కులుగా వచ్చేవారు. ఆ తరం దాదాపుగా రిటైరైపోయింది. మీ పెద్దాయన కూడా అలాంటివారేనేమో. తెలంగాణలో 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలైంది. అక్కడి పిల్లలు రోబో చేతిని ఆడించడం నేర్చుకుంటున్నారు, సంతోషమే. కానీ పాత గేర్‌బాక్సు విప్పడం మాత్రం ఎవరో ఒకరు దగ్గరుండి నేర్పాల్సిందే.

రాత్రి షిఫ్టు | మంగళవారం అర్ధరాత్రి దాటాక

నేను మెకానిక్‌ను. మీ రెండో అతను రెండు వేల కోసం వెళ్లాడని మీరు అనుకుంటున్నారు. నేనూ ఒకచోట మానేసినప్పుడు అలాగే చెప్పాను, ఎందుకంటే వెళ్లేవాడు అసలు కారణం చెప్పి గొడవ పెట్టుకోడు, పాత జీతం రావలసి ఉంటుంది కదా.

నా సంగతి చెబుతాను, కంపెనీ పేరు వద్దు. రాత్రి రెండు గంటలకు ఒక గేర్‌బాక్సు నుంచి నూనె కారుతోంది. ఆయిల్ సీలు స్టోరులో లేదు. స్టోరు తాళం అసలు రాత్రి షిఫ్టులో ఎవరి దగ్గరా ఉండదు. నేను మెషీను ఆపాలన్నాను. ప్రొడక్షన్ వాళ్లు ఉదయానికి లారీ వెళ్లాలన్నారు. పాత సీలునే తిప్పి వేసి, గంటకోసారి నూనె పోస్తూ తెల్లవారేదాకా నడిపించాను. ఉదయం తొమ్మిదికి గేర్లు అరిగి శబ్దం వచ్చింది. పది గంటల మీటింగులో అందరి ముందు "మెయింటెనెన్స్ నిర్లక్ష్యం" అని రాసుకున్నారు. ఆ సీలు ధర నూట ఇరవై రూపాయలు. దాన్ని తెప్పించమని నేను మూడు వారాల ముందు ఇచ్చిన ఇండెంటు కాగితం నకలు ఇంకా నా జేబులోనే ఉంది.

యంత్రం నడిచిన రోజు మెకానిక్ ఖాళీగా కూర్చున్నాడని లోడింగుకు పంపుతారు. అది ఎందుకు నడుస్తోందో ఎవరూ అడగరు. ఆగిన రోజు మాత్రం వెనక నలుగురు నిలబడి "ఇంకెంతసేపు" అంటారు. స్పానర్లు మావి, మీటరు మాది, రాత్రి ఫోను చేస్తే బండికి పెట్రోలు మాది. జీతం తక్కువని మానేసినవాళ్లను నేను చూశాను కానీ, ఇవన్నీ బాగుండి జీతం కోసమే మానేసినవాళ్లను తక్కువ చూశాను.

జీడిమెట్ల మౌల్డింగ్ | బుధవారం మధ్యాహ్నం

రాత్రి షిఫ్టు మిత్రమా, మీరు రాసింది చదివి, వెళ్లిపోయిన అతనికి ఈ ఉదయం ఫోను చేశాను. తిరిగి రమ్మని కాదు, కారణం చెప్పమని మాత్రమే అడిగాను. కాసేపు నసిగి చెప్పాడు. నాలుగో నంబరు మెషీనులో భద్రతా తలుపు లిమిట్ స్విచ్ పనిచేయడం లేదని అతను మెషీను ఆపితే, మా షిఫ్టు ఇన్‌చార్జి ఆ స్విచ్‌కు వైరు కలిపేసి నడిపించాడట. అంటే తలుపు తెరిచి ఉన్నా అచ్చు మూసుకుంటుంది. "ఎవరి చేయి నలిగినా నా పేరే చెబుతారని భయమేసింది సార్" అన్నాడు. ఈ సంగతి నాకు ఇంతవరకు తెలియదు. ఆ వైరు ఈ రోజే తీయించి కొత్త స్విచ్ వేయించాను. ఇన్‌చార్జితో మాట్లాడటం వేరే విషయం, అది ఇక్కడ రాయను.

ఆటోనగర్ లేత్ | బుధవారం సాయంత్రం

సర్టిఫికెట్ల గురించి ఒక మాట. విజయవాడ ఆటోనగర్‌లో పన్నెండేళ్ల వయసు నుంచి మేస్త్రి దగ్గర పెరిగినవాడిని నేను. పదో తరగతి కూడా పూర్తి కాలేదు. షాఫ్టు చేతిలో పట్టుకుని తిప్పితే వంకర ఎంతో చెప్పగలను, కానీ ఏ ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వెళ్లినా ముందు కాగితం అడిగారు. పిల్లలను చిన్నప్పుడే పనిలో పెట్టిన ఆ పద్ధతి మంచిదని నేననను, నా కొడుకును అలా పెట్టలేదు. అయితే అలా నేర్చుకున్నవాళ్లు వేలల్లో ఉన్నారన్నది నిజం. ఆర్‌పీఎల్ అని, ముందే పని వచ్చినవాళ్లకు పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి ఒకటి ఇప్పుడు ఉంది. దరఖాస్తుల్లో కాగితం లేనివాళ్లను మొదటే పక్కన పెట్టకుండా, ఫోర్‌మన్ గారి బల్ల దగ్గరికి రానివ్వండి. ఎలక్ట్రికల్ పనికి, బాయిలరుకు మాత్రం ఈ మాట వర్తించదు. వాటికి పర్మిట్టు, అటెండెంటు సర్టిఫికెట్ ఉండి తీరాలి.

దమ్మామ్ ఫిట్టర్ | గురువారం ఉదయం

మాది జగిత్యాల దగ్గర పల్లె. పదకొండేళ్లుగా సౌదీలో పంపుల మెయింటెనెన్స్‌లో ఉన్నాను. ఇక్కడ మాకు ఒక్కొక్కరికి సొంత తాళం, దాని మీద ఫొటోతో చీటీ ఉంటాయి. నేను పనిచేసే పంపు స్విచ్‌కు నా తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుంటాను. నేను తీస్తే తప్ప మేనేజరు వచ్చినా ఆ పంపు నడవదు. జీతం కోసమే వచ్చాం, అందులో దాపరికం లేదు. కానీ ఊరికి తిరిగి వచ్చి మన ఫ్యాక్టరీల్లో చేరినవాళ్లలో చాలామంది ఆరు నెలలకే మళ్లీ వీసా వెతుక్కోవడానికి ఆ తాళంచెవి లేకపోవడం కూడా ఒక కారణం.

నలభై దాటి తిరిగి వచ్చేవాళ్లను వయసు చూసి వద్దనకండి. పిల్లల చదువుల కోసం ఒకేచోట ఉండాలనుకునేది ఆ వయసులోనే. ఆదివారం సెలవు ఖాయంగా ఇస్తామని చెప్పండి, జీతం మీద బేరం సగం తగ్గుతుంది.

జీడిమెట్ల మౌల్డింగ్ | నాలుగు వారాల తర్వాత, శనివారం

అందరూ చెప్పిన వాటిలో చేయగలిగినవి చేశాం కాబట్టి ఏమి జరిగిందో రాస్తున్నాను. ప్రకటన మార్చి రాస్తే దరఖాస్తులు పదకొండే వచ్చాయి, కానీ వాటిలో తొమ్మిది పనికొచ్చేవి. ఆరుగురు పరీక్షకు వచ్చారు. బేరింగు దగ్గర ముగ్గురు ఆగిపోయారు. అందులో ఒకాయన అనుభవం పద్దెనిమిదేళ్లు. దీపం ప్యానెల్ దగ్గర మీటరును ముందుగా పరీక్షించుకున్నది ఇద్దరే.

ఆ ఇద్దరిలో ఒకాయనకు 43 ఏళ్లు, మస్కట్ నుంచి తిరిగి వచ్చారు. పసుపు గీత ఇవతల నిలబడి, ఆరో నంబరు మెషీనును చూస్తూ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత నూనె ఉష్ణోగ్రత ఎంత చూపిస్తోందని మా ఆపరేటరును అడిగారు. 61 అన్నాడు. "మీరు కూలింగుకు బోరు నీళ్లు వాడుతున్నారా" అని అడిగారు. అవునన్నాను. ఆయిల్ కూలరు గొట్టాల్లో సున్నం పేరుకుని ఉంటుందని, అందుకే మధ్యాహ్నానికి పంపు ఒత్తిడి పడిపోయి, ఒక్కో వస్తువు తయారయ్యే సమయం (సైకిల్ టైము) పెరుగుతుందని చెప్పారు. రెండు నెలలుగా మధ్యాహ్నం షిఫ్టులో ఆ మెషీను ఉత్పత్తి తగ్గుతోందని, ఆపరేటరు బద్ధకమని మేము అనుకుంటున్నాం. తర్వాత విప్పి చూస్తే కూలరులో మూడో వంతు గొట్టాలు మూసుకుపోయి ఉన్నాయి.

ఆయనను 32,000 జీతానికి తీసుకున్నాం. బీమా విడిగా చేయించాం. బోధకుడు గారు చెప్పినట్టు ఒక అప్రెంటిస్‌ను ఆయన పక్కన పెట్టాం. మెషీను ఆపమని ఆయన సంతకం పెడితే, నేను తప్ప ఎవరూ నడిపించకూడదని నోటీసు బోర్డులో పెట్టాం. ప్రొడక్షన్ వాళ్లకు ఇది మింగుడు పడలేదు, మొదటి వారంలోనే రెండుసార్లు నా గదికి వచ్చారు. ఆయన మొదట అడిగినవి రెండే. తన పేరు రాసిన తాళం ఒకటి, మేము అర్జెంటుగా కొనాల్సిన స్పేర్ల జాబితా ఒకటి. జాబితా ఖరీదు 38,000 అయింది, ఎక్కువ భాగం సీళ్లు, హీటరు బ్యాండులు, ఉష్ణోగ్రత కొలిచే థర్మోకపుల్స్.

మూడో వారంలో ఇంకొకటి అడిగారు, అది నేను అనుకోనిది. పాత పెద్దాయన ఇంటికి తీసుకెళ్లమన్నారు. సూరారంలో ఆయన ఇంట్లో ఇద్దరూ మూడు గంటలు కూర్చున్నారు. పెద్దాయన బీరువాలోంచి పంతొమ్మిదేళ్ల పాకెట్ డైరీలు తీసి ముందు పెట్టారు. ఏ మెషీనుకు ఏ నెలలో ఏ సీలు వేశారో అన్నీ వాటిలో ఉన్నాయి. ఏడో నంబరు మెషీనుకు అచ్చు పలకలను పట్టి ఉంచే టైబార్లలో ఎడమవైపు కిందిదాని నట్టును ప్రతి మూడు నెలలకు చూడాలని, దాని మర దారాలు ఒకసారి దెబ్బతిన్నాయని చెప్పారు. ఆ సంగతి మా ఆఫీసు ఫైళ్లలో ఎక్కడా లేదు.

పాత పానా | శనివారం రాత్రి

సంతోషం. ఆ డైరీలను అప్రెంటిస్ కుర్రవాడితో ఒక రిజిస్టరులోకి, మెషీను వారీగా, చేత్తోనే రాయించండి. రాస్తూ ఉంటే వాడికి మెషీన్లు తెలుస్తాయి. ఆ బోరు నీటిలో సున్నం తీసే సాఫ్టనర్ పెట్టే దాకా ఆయిల్ కూలర్లను నెలకోసారి విప్పి చూడమనండి. చిల్లరు కండెన్సరుకు కూడా అదే నీళ్లు పోతున్నాయా?